నలభై ఏడు కంట్రోల్‌లో ఉంది

చోవా చూ కాంగ్, సింగపూర్
11 జూన్ 2023

చి. ప్రణవికి మామయ్య దీవెనలు.

నీ పెట్టె మా ఇంటికి వచ్చేసింది. మొన్న నువ్వు ఫోన్లో అరగంట అరిచావు గానీ నాకు వినపడినవి పది మాటలు. మీ అత్త పక్కన నిలబడి సైగలు చేసింది కాబట్టి పెట్టె, సంతకం, శుక్రవారం అనే మూడు ముక్కలు అర్థమయ్యాయి. షిప్‌యార్డులో ముప్ఫై ఏళ్ళు సుత్తి దెబ్బలు తిన్న చెవులివి. ఇకమీద నాతో ఏదైనా చెప్పాలంటే కాగితం మీద చెప్పు. మెసేజీలంటావా, ఆ ఫోను మీ అత్తది. దాని జోలికి నేను పోను.

శుక్రవారం లిన్ అనే చైనీస్ అమ్మాయి వచ్చి, మీ అత్త మంచం పక్కన పెట్టె పెట్టి వెళ్ళింది. లోపల ఏముందో చూద్దామని మూత మీద చెయ్యి వేశానో లేదో "అంకుల్, డోంట్ ఓపెన్ లా!" అని ఇక్కడి యాసలో కసిరింది. ఓడ ఇంజన్లు విప్పిన చేతులకి గాలి పెట్టె విప్పే యోగ్యత లేదట. ముందున్న చిన్న అద్దంలోంచి మాత్రం తెల్లటి గుడ్డ కనపడుతుంది. పక్కన 47 అని చీటీ అంటించింది. ఇక మేం విశ్వనాథం, తారాదేవి కాదు. నలభై ఏడు.

కాగితాలు నాలుగు భాషల్లో తెచ్చింది. ఇంగ్లీషు, చైనీస్, మలయ్, తమిళం. తెలుగు లేదు. ఇంగ్లీషుది పన్నెండు పేజీలు. నేను ఆఖరి పేజీ వెతికి, నా సంతకం పెట్టి, మీ అత్తచేత కూడా పెట్టించి అవతల పడేశాను. మీ అత్త మాత్రం తమిళం కాగితం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, సాయంత్రం దాకా చదివింది. పక్కింటి తమిళావిడతో పాతికేళ్ళు కబుర్లాడి నేర్చుకున్న విద్య కదా, ఆ గొప్ప చూపించుకోవాలి.

గాలిని శుభ్రం చేసే మన పాత మిషన్ ఆ గదిలో పెట్టొద్దంది లిన్. లెక్క తప్పుతుందట. ఇష్టం లేకపోతే ఈ పరిశోధనలోంచి ఎప్పుడైనా మానుకోవచ్చు, ఒక్క ఫోను చేస్తే చాలు అని కూడా అంది. సరేనని పాత మిషన్ హాల్లో మూలకి పెట్టాను.

మీ అత్త సంగతి నీకు తెలిసిందే. మార్కెట్‌కి వెళ్తే దారిలో రెండుసార్లు కూర్చుంటోంది. చిన్నప్పుడు కట్టెల పొయ్యి ఊదిన ఊపిరితిత్తులు ఇప్పుడు పగ తీర్చుకుంటున్నాయి. నువ్వు పెరిగిన గదిలోనే నువ్వు చేసిన పెట్టె పెట్టుకుని పడుకుంటున్నానని మాత్రం అందరికీ చెప్పుకుంటోంది. మీ అమ్మ పోయిన ఏడు పదకొండేళ్ళ పిల్లగా నువ్వు ఈ గదిలోకి వచ్చిన రోజు గుర్తొచ్చిందట.

ఇంతకీ ఆ గుడ్డలో ఏముంది? మన చోవా చూ కాంగ్ గాలితో యూరప్ వాళ్ళకేం పని? విపులంగా రాయి.

మీ మామయ్య,
విశ్వనాథం


ఘెంట్, బెల్జియం
24 జూన్ 2023

మామయ్యకి,

నీ ఉత్తరం ల్యాబ్‌లో అందరికీ చూపించాను. లిపి చూసి ముచ్చటపడ్డారు. నువ్వు వాళ్ళని వెక్కిరించావని చెప్పలేదు.

ఆ గుడ్డ అవిసె పొట్టుది. ఇక్కడి పొలాల్లో అవిసెని గింజ కోసం కాదు, నార కోసం పండిస్తారు. నార తీశాక మిగిలిన పొట్టు వృథా. దాన్ని నొక్కి మెత్తటి గుడ్డగా చేసి, కంటికి కనపడని పొగ నుసిని పట్టుకునేలా చేశాం. ప్లాస్టిక్ లేదు, వాడి పారేస్తే మట్టిలో కలుస్తుంది. పెట్టెకి చిన్న బల్బుకి పట్టేంత కరెంటు చాలు. నాలుగేళ్ళు పట్టింది మామయ్యా. అందులో మూడేళ్ళు ఏదీ పనిచేయలేదు.

యూరప్ వాళ్ళకేం పని అన్నావు. ఇది కంపెనీ వ్యాపారం కాదు. ఇక్కడి దేశాల జనం కట్టే పన్నుల్లోంచి పరిశోధనకని తీసిపెట్టిన నిధి. నేను రోజూ ఎక్కే ట్రామ్ నడిపే ఆవిడ పన్ను కూడా అందులో ఉంది. అందుకే గుడ్డ ఎలా చేయాలో చివరికి అందరికీ చెప్పేయాలని షరతు పెట్టారు. ఎవరైనా చేసుకోవచ్చు, మన అనకాపల్లిలో కూడా. పొగ మీకెక్కువ కాబట్టి సింగపూర్‌ని కలుపుకున్నారు.

ఇక అసలు విషయం. ఇది నీకు మాత్రమే. నేను చెప్పకూడని మాట, బయటపడితే నా ఉద్యోగం పోతుంది. గుడ్డలు కత్తిరించి నంబర్లు వేసేది నేనే కాబట్టి నాకు తెలుస్తుంది. నువ్వు రాసిన నంబరు చూసి జాబితా వెతికాను. నలభై ఏడు కంట్రోల్‌లో ఉంది. ఇంతకంటే రాయలేను. ఏం చేయాలో నీకు నేను చెప్పక్కర్లేదు. చదివి చింపేయి.

అత్తయ్యని కంగారు పెట్టకు.

ప్రణవి


చోవా చూ కాంగ్
9 జూలై 2023

చి. ప్రణవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. చింపి, ముక్కలు చెత్త వేసే చ్యూట్‌లో పడేసి, అవి కిందికి జారిన చప్పుడు వినపడకపోయినా వినపడిందనుకుని వచ్చాను. చూశావా, మీ మామయ్య గూఢచారి పనికి కూడా పనికొస్తాడు.

చేయవలసింది చేశాను. నువ్వు విప్పి రాయలేదు కాబట్టి నేనూ విప్పి రాయను. పాత మిషన్ ఉండవలసిన చోటికి మర్నాడే చేరింది. ఇక ఆ విషయం మరిచిపో.

నాకు మాత్రమే అంటే మీ అత్తకి కూడా అనే కదా. అందుకని ఆ ముక్క చదివి వినిపించాను. నేను చదివితే మూడో ఇంటిదాకా వినపడుతుందని నోటి మీద వేలు పెట్టింది. తర్వాత ఏదో అంది. వినపడలేదు. మళ్ళీ చెప్పమంటే కాసేపు నా మొహం చూసి, తల అడ్డంగా ఊపి, నవ్వి, టీ పెట్టడానికి వెళ్ళింది. ఆ టీ ఎంత బాగుందో!

అద్దంలోంచి రోజూ చూస్తున్నాను. నెల నిండినా గుడ్డ ఉతికి ఆరేసిన పంచెలా ఉంది. నాకు బెంగ తీరింది. రెండేళ్ళుగా మీ అత్త ఊపిరి లెక్కపెడుతూ పడుకునేవాణ్ణి. ఇప్పుడు హాయిగా గురక పెడుతున్నానట.

నీ తిండి సంగతి రాయవేం? అక్కడ పచ్చిమిరపకాయలు దొరుకుతున్నాయా?

మామయ్య


ఘెంట్
27 జూలై 2023

మామయ్యకి,

నీ ఉత్తరం చదివి ఎంత తేలికపడ్డానో చెప్పలేను. నువ్వు సరిగ్గా అందుకుంటావని తెలుసు. అయినా ఈ నెల రోజులూ కొట్టుమిట్టాడాను.

ఒక సిగ్గు మాత్రం మిగిలింది. మన నలభై ఏడులాంటి ఇళ్ళు అక్కడ ఇంకా ముప్ఫై తొమ్మిది ఉన్నాయి. వాళ్ళెవరికీ నేను రాయలేదు. మనవాళ్ళకే రాశాను. ఇది తప్పని తెలుసు, తెలిసే చేశాను.

పని బాగా సాగుతోంది. పోలండ్‌లో బొగ్గు పొయ్యిల ఊళ్ళో ఒక బడికి మా గుడ్డలు పంపాం. పిల్లలు దగ్గుతో బడి మానడం తగ్గిందని టీచరమ్మ రాసింది. ఆ కాగితం నా బల్ల ముందు అంటించుకున్నాను.

మిరపకాయలు దొరుకుతాయి. కారం ఉండదు.

ప్రణవి


చోవా చూ కాంగ్
8 అక్టోబర్ 2023

చి. ప్రణవికి,

హేజ్ వచ్చింది. సుమత్రా వైపు అడవులు తగలబడి ఆ పొగంతా ఇటు కమ్మిందట. పై అంతస్తు ఉమ తెలుసుగా, చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు పని చేసే అమ్మాయి. నిన్న అటువైపు గాలి కాలుష్యం సూచీ నూరు దాటిందని చెప్పింది. మన పడమటి వైపు అంత లేదన్నారు గానీ నా ముక్కుకి మాత్రం కాలిన వాసన తగులుతోంది.

మీ అత్తకి దగ్గు పెరిగింది. నేను కిటికీలన్నీ బిగించి, పెట్టె పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టాను. అన్నం కూడా అక్కడికే తెచ్చి పెడుతున్నాను. గది దాటనివ్వడం లేదు. "క్లినిక్‌కి వెళ్దాం అంకుల్, ఆంటీ పెదాలు నీలంగా ఉన్నాయి" అని ఉమ కాగితం మీద రాసి చూపించింది. ఈ కాలం పిల్లలకి కంగారెక్కువ. మా పిల్ల చేసిన పెట్టె ఉండగా భయమేంటి, అంతా కంట్రోల్‌లో ఉంది అని చెప్పి పంపాను.

గుడ్డ చూశాను. ఇంత పొగలోనూ మచ్చ పడలేదు. మీ వాళ్ళ పనితనానికి దణ్ణం పెట్టాలి.

మీ అత్త ఇప్పుడే నా చేతిలో పెన్ను లాక్కుని "పిల్ల పనిలో ఉంటుంది, ఇవన్నీ రాయకండి" అని రాసి చూపించింది. అయినా రాశాను. రేపటికి తగ్గకపోతే క్లినిక్‌కి తీసుకెళ్తాను.

మామయ్య


ఘెంట్
12 నవంబర్ 2023

మామయ్యకి,

అత్తయ్య పోయి ఇవాళ్టికి నెల.

అక్కడున్న పదకొండు రోజులూ నేను నీతో సరిగ్గా మాట్లాడలేదు. అస్థికలు సముద్రంలో కలిపి వస్తుంటే నువ్వు నా చెయ్యి పట్టుకుని "నీ పెట్టె వల్లే ఈ నాలుగు నెలలైనా సుఖంగా ఉంది" అన్నావు. నేను తలూపాను. పాత మిషన్ గదిలో కనపడలేదు. వచ్చేపోయేవాళ్ళకి అడ్డమని తీసి ఉంటారనుకున్నాను.

తిరిగొచ్చేసరికి గుమ్మం లోపల నీ అక్టోబరు ఉత్తరం పడి ఉంది. మూడు వారాలుగా దాన్ని తీసి చదువుతున్నాను, మళ్ళీ మడుస్తున్నాను. ఒక్కటే అడుగుతాను, సూటిగా రాయి. ఆ పాత మిషన్ ఎక్కడుంది?

ప్రణవి


చోవా చూ కాంగ్
26 నవంబర్ 2023

చి. ప్రణవికి,

ఇదేం ప్రశ్న? మిషన్ బుకిట్ బటోక్‌లో వెంకటేశ్వర రావు ఇంట్లో ఉంది. నాతో షిప్‌యార్డులో పనిచేసినవాడు. వాడికి మనవరాలు పుట్టింది, నెలలు నిండకుండానే. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే టాక్సీలో పెట్టుకెళ్ళి ఇచ్చేశాను. మాకు అక్కర్లేనిది పసిబిడ్డకైనా పనికొస్తుందని. నువ్వు అదే చెప్పావు కదా, ఏం చేయాలో నాకు తెలుసని.

నలభై ఏడు కంట్రోల్‌లో ఉందని నువ్వు రాశాకే ఇచ్చాను. అంతకుముందు ఇవ్వలేదు. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. చింపేసినా వచ్చు.

ఇల్లు బోసిపోయి ఉంది. నాకు చెవులు వినపడకపోయినా ఇంట్లో ఒక మనిషి తిరిగే అదురు కాళ్ళకి తెలిసేది. ఇప్పుడు అది లేదు. ఉమ పొద్దున్నే ఇడ్లీలు పెట్టి వెళ్తోంది. తినబుద్ధి కాదు గానీ ఆ పిల్ల ముఖం చూసి తింటున్నాను.

ఎందుకడిగావో రాయి.

మామయ్య


ఘెంట్
8 డిసెంబర్ 2023

మామయ్యా,

ఈ ఉత్తరం ఏడుసార్లు మొదలుపెట్టాను.

ఒక మందో పరికరమో పనిచేస్తుందో లేదో తేలాలంటే సగం మందికి అసలుది ఇస్తారు, సగం మందికి పైకి అలాగే కనపడే ఉత్తది ఇస్తారు. ఎవరికి ఏది వచ్చిందో వాళ్ళకి చెప్పరు. చీట్లు వేసినట్టు వేస్తారు. చివర్లో ఇద్దరినీ పోల్చి చూస్తారు. ఉత్తది వచ్చినవాళ్ళని మా భాషలో కంట్రోల్ అంటారు.

నలభై ఏడులో ఉన్నది ఉత్త గుడ్డ. గాలి దాంట్లోంచి అలాగే పోతుంది, ఏదీ పట్టదు. అందుకే తెల్లగా ఉంది. మానేయండి, పాత మిషన్ వెంటనే గదిలో పెట్టండి అని చెప్పడానికే ఆ వాక్యం రాశాను. భయపడుతూ రాశాను, అందుకే అలా రాశాను. మనింట్లో ఆ మాటకి ఏం అర్థమో నాకు తెలియదా? షుగరు కంట్రోల్‌లో ఉంది, బీపీ కంట్రోల్‌లో ఉంది అని పుట్టినప్పటినుంచీ వింటూనే పెరిగాను. ల్యాబ్‌లో ఆరేళ్ళుండి ఆ అర్థం మరిచిపోయాను. ఇంకొక్క మాట రాసి ఉంటే చాలు. నా ఉద్యోగం చూసుకున్నాను.

పోయిన వారం లెక్కలు తేలాయి. గుడ్డ పనిచేస్తుంది. అసలు గుడ్డ ఉన్న ఇళ్ళలో హేజ్ రోజుల్లో కూడా ఊపిరి బలం నిలకడగా ఉంది, ఉత్త గుడ్డ ఇళ్ళలో పడిపోయింది. తేడా చాలా స్పష్టంగా ఉంది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తేడాలో అత్తయ్య కూడా ఉంది. నేనూ కొట్టాను.

నేను జాబితా చూసి నీకు రాసిన సంగతి నిన్న మా ప్రొఫెసరుకి చెప్పేశాను. ఉంచుతారో తీసేస్తారో తెలియదు. ఉంచినా మానేద్దామనుకుంటున్నాను.

నువ్వు తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

ప్రణవి


చోవా చూ కాంగ్
21 జనవరి 2024

ప్రణవికి,

నెల రోజులు రాయలేదు. రాస్తే ఏం రాస్తానో అని భయం వేసి రాయలేదు.

కంట్రోల్ అంటే నాకు తెలిసినవి రెండే. ఒకటి మా చిన్నప్పుడు బియ్యం ఇచ్చే కంట్రోల్ షాపు. రెండోది జబ్బు కంట్రోల్‌లో ఉండటం. మూడోది ఉందని ఈ వయసులో నేర్చుకున్నాను. నీ ఉత్తరం చదివిన రోజు ఆ పెట్టెని ఎత్తి కిందికి విసిరేద్దామనుకున్నాను. కింద పిల్లలు ఆడుకుంటున్నారని ఆగాను. నీ మీద కోపం వచ్చింది. తర్వాత ఉమ రాసి చూపించిన కాగితం గుర్తొచ్చింది. పెదాలు నీలంగా ఉన్నాయని ఆ పిల్ల చూసింది. నేను గుడ్డ చూశాను. మర్నాడు పొద్దున్నే క్లినిక్‌కి తీసుకెళ్ళాను గానీ, ఆ ఒక్క రోజుకి నీ ఇంగ్లీషు మాట మీద నెపం వేయలేను.

ఆ మిషన్ ఉంటే బతికేదా అని డాక్టరుని అడిగాను. చెప్పలేనన్నాడు.

మొన్న మీ అత్త బీరువా సర్దుతుంటే చీరల కింద ఆ తమిళం కాగితం దొరికింది. ఐదో పేజీలో ఒకచోట పెన్సిలు గీత ఉంది. పక్కన తెలుగులో, ఆవిడ గుండ్రటి అక్షరాలతో: "కంట్రోల్ అంటే ఉత్త గుడ్డ. మన వంతు కూడా రావచ్చు." దాని కింద ఇంకో ముక్క, తేదీతో సహా. జూలై ఆరు. నేను నీ ఉత్తరం చదివి వినిపించిన రోజు.

"వచ్చింది. ఈయనకి చెప్పకూడదు. పిల్ల ఉద్యోగం."

ఆ రోజు ఆవిడ ఏదో అంటే నాకు వినపడలేదని రాశాను చూడు. చెప్పబోయిందేమో. సంతోషంతో వెలిగిపోతున్న నా మొహం చూసి మానుకుందేమో. మర్నాడు నేను మిషన్ ఎత్తుకెళ్తుంటే తలుపు కూడా తీసి పట్టుకుంది. ఇంట్లో నిజం తెలిసిన మనిషి ఆవిడొక్కతే. మూడు నెలలు నోరు మెదపలేదు. ఇది నీకు రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఈ ఇంట్లో దాచిపెట్టడం ఇక చాలనిపించి రాస్తున్నాను.

క్షమించానని రాయలేను, రాస్తే అబద్ధం అవుతుంది. నన్ను నేను కూడా క్షమించుకోలేదు. ఉద్యోగం వాళ్ళు తీసేస్తే సరే, నీ అంతట నువ్వు మాత్రం మానకు. ఆవిడ ఊపిరి పోసి కాపాడిన ఉద్యోగం అది. ఇంకొక పని చెయ్యి. ఆ కాగితం తెలుగులో కూడా వేయించు. కంట్రోల్ అన్న మాట ఉన్నచోట ఉత్త గుడ్డ అని రాయించు. అలా రాయాలని మీ అత్తకి తెలిసింది, మీకెవరికీ తెలియలేదు.

నూతన సంవత్సరం రెండో రోజున లిన్ వచ్చింది. ఉత్త గుడ్డ వచ్చిన ఇళ్ళన్నిటికీ ఇప్పుడు అసలుది ఇస్తున్నారట. "సారీ అంకుల్" అని కాగితం మీద రాసి, కళ్ళు తుడుచుకుంది. వద్దనబోయాను. తర్వాత పెట్టించుకున్నాను, ఆవిడ మంచం పక్కనే, అదే చోట. పాత గుడ్డని పారేయకుండా అడిగి ఉంచుకున్నాను.

ఇప్పుడు హేజ్ లేదు. ఆకాశం నీలంగా ఉంది. అయినా కొత్త గుడ్డ పందొమ్మిది రోజులకే మసిగుడ్డలా నల్లబడింది. పాతది పక్కన పెట్టి చూశాను. అది ఇప్పటికీ తెల్లగానే ఉంది. అది పట్టవలసిన నలుపంతా మీ అత్త పట్టింది.

మామయ్య